పొలిమేర బోర్డు

ఫ్రాన్సులోని బర్గండీ ద్రాక్షతోటల మధ్య ఆదివారం సైకిళ్ల జట్టుది పందెం కాదు, షికారు. కానీ తిరుగుదారిలో ఊరి పొలిమేర బోర్డు కనిపించిందంటే ఆ ముసలాళ్లందరికీ పూనకం వచ్చేస్తుంది. ముందు దాటినవాడే ఆ వారానికి రాజు. ఆఖరున వచ్చినవాళ్లు అందరికీ వైను పోసి, గ్లాసులు కడగాలి.

ఇరవై ఏళ్లుగా కడుగుతున్నది గిస్లేన్. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఉత్తరాలు పంచిన మనిషి. పాడుబడ్డ మఠం కనిపిస్తే ఆగుతుంది, ఉల్లికాడలు కనిపిస్తే కొంటుంది.

"ఒదినా, నీది సైకిలా, కూరల బండా?" అని జట్టులోని ఫిర్మాన్ ఏడిపించేవాడు. పైకి నవ్వేసేది గానీ లోలోపల మండిపోయేది.

ఆ ఆదివారం ఎదురుగాలి. ముందున్నవాడే గాలి దెబ్బ తినాలి, వెనకున్నవాడికి హాయి. అందుకే బోర్డు దగ్గరపడగానే ఫిర్మాన్ వేగం తగ్గించి అమెదీ వెనక నక్కాడు. అమెదీ ఇంకా తగ్గించాడు.

"నువ్వు పదరా!"

"ముందు నువ్వు పో!"

జట్టంతా నత్తనడక పట్టింది.

వెనకనుంచి వస్తున్న గిస్లేన్ అది చూసింది. గంట కొట్టలేదు. రోడ్డు అవతలి అంచు పట్టుకుని, పళ్లు బిగించి తొక్కింది. బుట్టలో ఉల్లికాడలు ఎగిరెగిరి పడ్డాయి. ఆమె దాటిపోవడం చూసి కంగారుగా తొక్కబోతే ఫిర్మాన్ సైకిలు గొలుసు ఊడింది.

అతను అందరికన్నా ఆఖరున రొప్పుతూ వచ్చేసరికి, ఆమె బోర్డుకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఇది చెల్లదు ఒదినా! నువ్వు పందెంలో ఉన్నావని ఎవరనుకున్నారు?"

"నేననుకున్నానయ్యా, ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం. పద, నా గ్లాసు నిండా పొయ్యి."