ఏ గల్లీల ఉన్నవో ముందుగాల అడుగు

మొన్న మంగళవారం ఉదయం ఫలక్‌నుమా స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా సుగుణ టీచర్ ఇక లేరన్న వార్త ఫోన్‌లో తెలిసింది. నిశ్చేష్టురాలినయ్యాను. రైలు వచ్చింది, వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. మలక్‌పేటలో రెండు తరాలకు టైపు నేర్పిన ఆ చేతులు నిశ్చలమయ్యాయంటే మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

జిజ్ఞాసే ఆమె జీవలక్షణం. టైపు మిషన్ల కాలం చెల్లిపోతున్న రోజుల్లో, రెండువేల ఒకటో రెండో, ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటర్ ఒకటి ఆమె నడిపే, మేము టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. దాని ఓపికకు రంగుల తెరలేవీ నడవలేదు. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోని లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఎక్కింది: నల్లటి తెర, మిణుకుమనే గీత, అంతే. మేము మొహాలు వేలాడేశాం. ఆమె మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, "మంచిగైంది పో! మౌస్ లేదు, బొమ్మల్లేవు. టైపు కొట్టెటోళ్ల కోసమే చేసిన్రు దీన్ని" అన్నారు.

అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పొడుగాటి నోట్‌బుక్‌లో ఒక్కో కమాండ్ రాసి, తన మాటల్లో వ్యాఖ్యానం పెట్టుకునేవారు. ls అంటే "ఇంట్ల ఏమేమున్నయో సూపెడ్తది". cd అంటే "గల్లీ మారుడు"; ఫోల్డర్‌ను ఆమె గల్లీ అనేవారు. pwd అంటే ఆమెకు ప్రాణం. "ఏ గల్లీల ఉన్నమో చెప్తది. ముందుగాల అదడుగు, తర్వాత ఏమన్న చేసుకో."

ఒక చిక్కు మాత్రం ఆమె ఊహించలేదు. ఇరవై ఏళ్లుగా "కొట్టేది సూడొద్దు, కాపీ మీదనే కన్ను!" అని పిల్లల మెడలు తిప్పింది ఆమే. ఇప్పుడు "ఎంటర్ కొట్టే ముందు తెర సూడుర్రి" అని మొత్తుకోవాల్సి వచ్చింది. మా కళ్లకు అలవాటు పోలేదు.

ఒక మధ్యాహ్నం నా అభ్యాసం ఫైళ్లు చెరిపేద్దామని rm కొట్టి, అన్నీ అన్నట్టు నక్షత్రం గుర్తు పెట్టాను. "తుడిచేయాలా?" అని యంత్రం ఒక్కోదానికీ అడుగుతూనే ఉంది, నేను చూడకుండా అవునంటూ పోయాను. తల ఎత్తితే తెలిసింది, నేనున్నది టీచర్ గల్లీలో. స్పీడ్ పరీక్షల కోసం ఆరు నెలలు కూర్చుని ఆమె ఎక్కించిన పాఠాలన్నీ మాయం. ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు ఆమె అరవలేదు. ఎవరు అని కూడా అడగలేదు. "ఎట్ల పోయినయే ఇవి? ఆగు, సూద్దాం" అంటూ తెరకు అతుక్కుపోయారు. ఆ తర్వాత పాఠాలన్నీ మొదటినుంచి మళ్లీ కొట్టుకున్నారు. నేను పక్కనే కూర్చుని కాగితాలు అందించాను. సిగ్గులేని దాన్ని!

ఈ రోజు ఒక ఆఫీసులో సర్వర్లు చూసుకుంటున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. అంత్యక్రియలయ్యాక ఆమె తమ్ముడు ఆ నోట్‌బుక్ తెచ్చి, "రజినీ, అక్క నీకే ఇయ్యమన్నది" అన్నారు. rm ఉన్న పేజీ తీశాను. "history అని కొడితె ఎన్కట కొట్టినయన్నీ వరుసగ కనబడ్తున్నయ్. మస్తుగుంది!" అని ఉంది. దాని కింద సన్నటి అక్షరాలు: "rm కు ముంగట తెరిసినయన్నీ రజిని ఫైళ్లే. pwd అడగలే. భయపడ్డది పాపం. నేను అడగొద్దు. తనే చెప్తది."

ఇన్నేళ్లూ ఎదురుచూశారన్నమాట. మీవంటి గురువు నాకు మళ్లీ దొరకరు. మీ పాదాలకు నమస్కరించి, మీరు అడగకుండా వదిలేసిన జవాబు ఇక్కడ చెబుతున్నాను. టీచర్, తుడిచింది నేనే.