నాందేడ్‌కు రైల్లోనే: గిర్ని మీది గదిలో ఒక ఆదివారం

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు నాందేడ్‌లో, పిండి గిర్ని మీదున్న ఒక గదిలోంచి రెండు కుటుంబాల వాళ్ళు మెట్లు దిగి బయటికి వచ్చారు. ఎవరి ఒంటి మీదా కొత్త దెబ్బ లేదు. అంతకు నాలుగు రోజుల ముందు, బుధవారం, వీళ్ళలో ఒక కుర్రాడి తల పగిలింది. పగలగొట్టిన కుర్రాడు కూడా అదే గదిలోంచి దిగివచ్చాడు. దెబ్బ తిన్నవాడి అన్న, మేనమామ బదులు తీర్చుకుంటామని పదిమందిలో అన్నారు. ఆదివారం పొద్దున నేను నిజామాబాద్‌లో రైలెక్కినప్పుడు ఆ మాట ఇంకా అలాగే ఉంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా జిల్లా విలేకరిగా పనిచేస్తున్నాను. కుర్రాళ్ళ కొట్లాటల గురించి నాకు తెలిసేది ఆసుపత్రి నుంచో, పోలీస్ స్టేషన్ నుంచో. అంటే అంతా అయిపోయాక. ఈ మధ్య బోధన్ వైపు జరిగిన ఒక గొడవ గురించి ఇక్కడ రాస్తే, అక్కడి ఇద్దరు టీచర్లు ఫోన్ చేశారు. రెండో దెబ్బ పడకముందే పనిచేసేవాళ్ళు మన చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నారా, ఉంటే వెళ్ళి చూసి నేర్చుకుంటాం అన్నారు. అడగ్గా అడగ్గా నాందేడ్ పేరు వచ్చింది. అక్కడ ఒక బస్తీలో కొందరు కలిసి ఈ పని చేస్తున్నారు. దెబ్బ తిన్న కుర్రాడు ఆసుపత్రిలో చేరగానే ఒకరు వెళ్ళి పక్కన కూర్చుంటారు. పరీక్ష పోయిందనో, ఇంట్లో గొడవనో బతుకు మీద విరక్తితో ఫోన్ చేసే పిల్లలకీ అదే సాయం. ఈ పనిని నడిపేది కవిత. పుట్టింది ధర్మాబాద్‌లో, సోషల్ వర్క్ చదివింది నాందేడ్‌లో. నేను ఏదో ఒక మామూలు రోజున వస్తానంటే, ఆదివారమే రమ్మంది. రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయనీ, పేర్లు మార్చి రాయాలనీ చెప్పింది. ఇక్కడ ఉన్నవన్నీ మార్చిన పేర్లే. ఇంకో మాట కూడా అంది. నేరుగా నాందేడ్ వెళ్ళొద్దు, ధర్మాబాద్‌లో దిగండి, అక్కడి నుంచి ఒకాయనను నేనే స్వయంగా తీసుకుపోవాలి అని.

నిజామాబాద్ నుంచి ధర్మాబాద్ గంట ప్రయాణం. బాసర దగ్గర గోదావరి దాటాక ఎంతోసేపు పట్టదు. ప్లాట్‌ఫాం చివర కవిత నిలబడి ఉంది. స్టేషన్ బయట ఒక మనిషి మోటారు సైకిల్ మీద, ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నాడు. ఆయనే దిగంబర్. ధాన్యం మార్కెట్లో హమాలీ. తల పగిలిన బాలాజీకి, వాడి అన్న గంగాధర్‌కు మేనమామ. చెల్లెలి భర్త చనిపోయాక ఆ పిల్లలిద్దరినీ పెంచింది తనేనన్నది ఆయన నాకు చెప్పిన మొదటి మాట.

గిర్ని మీది గదిలో రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడించడాన్ని అక్కడ బైఠక్ అంటారు. దానికి ఒక కట్టుబాటుంది. వచ్చేవాళ్ళెవరూ సొంత బండి మీద రాకూడదు. నడిచి రావాలి, లేదా ఆటోలో, బస్సులో, రైల్లో రావాలి. గొడవ జరిగిన రోజు నుంచి బైఠక్ అయ్యేదాకా, బదులు తీర్చుకుంటానన్న కుర్రాడు తన బండి తాళం ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఎవరికన్నది వాడిష్టం. తాను ఎదురు చెప్పలేని మనిషిని ఎంచుకోమంటారు. నాందేడ్‌లో కొట్లాటలన్నీ బండ్ల మీదే జరుగుతాయని, ఒక్కో బండి మీద ముగ్గురేసి వెళ్తారని కవిత వివరించింది. బండి లేకపోతే మనసు మారుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఆలస్యం మాత్రం అవుతుంది.

దిగంబర్‌కు ఇదేమీ నచ్చలేదు.

"రైల్ల పోయి కొడ్తరా ఎవరన్న?" అన్నాడు.

"కొట్టరనే రైలు, మామా," అంది కవిత.

ఆయన నవ్వలేదు. కానీ ఇంజను ఆపాడు. బండిని స్టేషన్ స్టాండులో పెట్టి వచ్చాడు.

రైలు ఉమ్రి, ముద్ఖేడ్ మీదుగా గంటా ఇరవై నిమిషాల్లో నాందేడ్ చేరుస్తుంది. జనరల్ బోగీలో కిటికీ పక్కన ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. దిగంబర్ భుజం మీది తువ్వాల సర్దుకున్నప్పుడు, నడుముకు దోపుకున్న ఇనుప కొక్కెం కనిపించింది. హమాలీలు బస్తాలు లాగడానికి వాడేది. మొన వంపు తిరిగి, అరిగి, మెరుస్తూ ఉంది. కవిత చూసింది. నేను చూశానని కూడా చూసింది. కొక్కెం ఎందుకు తీసుకోలేదని తర్వాత నేనంటే, రైల్లో అడిగితే తప్పకుండా ఇవ్వనంటాడు, అన్న మాటను మళ్ళీ వెనక్కి తీసుకోలేడు, అందుకే అడగలేదు అని చెప్పింది.

ముద్ఖేడ్ దాటాక ఆయన తనంత తానే మాట్లాడాడు. కోపం ఎవరి మీదో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. "మార్కెట్ల హమాలోళ్ళు అడుగుతున్నరు సారూ. అల్లుని తల పలిగి నాలుగు దినాలాయె, మామ ఇంకా ఈడనే బస్తాలు మోస్తున్నడేంది అని. నేనేం చెప్పాలె?"

దానికి కవిత చెప్పిన జవాబు చిన్నదే. బైఠక్‌లో మొదటి మాట దెబ్బ తిన్న ఇంటి పెద్దదే. ఎంతసేపు మాట్లాడినా మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, అవతలివాళ్ళూ రాకూడదు, సొంతవాళ్ళూ రాకూడదు. "మార్కెట్ల ఎవలన్న అడిగితె చెప్పు మామా. వాళ్ళ ఇంటోళ్ళందరు నోరు మూసుకొని కూసున్నరు, నేను చెప్పిన, వాళ్ళు విన్నరు అని." దిగంబర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

స్టేషన్ బయట షేర్ ఆటో దొరికింది, మనిషికి ఇరవై రూపాయలు. గిర్ని పేరు చెప్పగానే డ్రైవర్ అద్దంలో మా ముగ్గురినీ ఒకసారి చూశాడు. కవితను గుర్తుపట్టాడు. పోయిన ఏడాది తన తమ్ముణ్ణి కూడా అక్కడికే తీసుకువెళ్ళానని, ఇప్పుడు వాడు గురుద్వారా దగ్గర చెప్పుల కొట్టు పెట్టుకున్నాడని దక్కనీ హిందీలో చెప్పాడు. దిగంబర్ ఆ తమ్ముడి గురించి రెండు మూడు ప్రశ్నలు వేశాడు. కొట్టిండా, దెబ్బ తిన్నడా అని అడిగాడు. "దోనో," అన్నాడు డ్రైవర్. రెండూ.

గొడవకు కారణం ఒక బ్యానర్. మహారాష్ట్రలో తిరిగినవాళ్ళకు ఇవి తెలుసు. పుట్టినరోజు కుర్రాడి ఫొటో మధ్యలో పెద్దగా, చుట్టూ స్నేహితుల ఫొటోలు వరుసల్లో, చౌరస్తాలో వెదురు బొంగులకు కట్టి నిలబెడతారు. ఓంకార్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడి పుట్టినరోజుకు అలాంటిదే కట్టారు. బాలాజీది కూడా అదే వయసు, ఐటీఐ చదువుతున్నాడు. బాలాజీవాళ్ళు ధర్మాబాద్ నుంచి నాందేడ్ వచ్చినప్పటి నుంచి ఇద్దరూ ఒక జట్టు. బ్యానర్‌లో బాలాజీ ఫొటో అడుగు వరుసలో, చివర, బొటనవేలంత వచ్చింది. నిన్నగాక మొన్న పరిచయమైనవాళ్ళు పై వరుసలో ఉన్నారు. బాలాజీ బ్యానర్‌ను మధ్యకు చించాడు. ఓంకార్ దాని బొంగు ఊడబీకి తల మీద కొట్టాడు. రక్తం కారడం చూసి పారిపోయాడు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. ఇలాంటి కారణాలకు ప్రాణాలు పోవడం నేను రాసిన వార్తల్లోనే ఉంది.

గిర్ని దగ్గర మా కోసం ఒకాయన ఎదురుచూస్తున్నాడు, రఫీక్. మోటార్ రివైండింగ్ షాపు ఆయనది. బాలాజీ అన్న గంగాధర్ అక్కడే పని నేర్చుకుని, అక్కడే చేస్తున్నాడు. బండి తాళం ఇవ్వాల్సి వచ్చినప్పుడు గంగాధర్ ఎంచుకున్నది ఈ ఉస్తాద్‌నే. శనివారం గంగాధర్ వచ్చి, పెట్రోలు పోయించుకుని వస్తా, తాళం ఇవ్వమన్నాడట. పెట్రోలు నేను పోయించుకొస్తా, నువ్వు కూర్చుని కాయిల్ చుట్టు అన్నాడట ఉస్తాద్. చెప్పినట్టే ట్యాంకు నింపి తెచ్చాడు. తాళం మాత్రం ఇవ్వలేదు.

మెట్లెక్కే ముందు దిగంబర్ ఆగాడు. నడుము నుంచి కొక్కెం తీసి, గిర్ని ఆసామి ముందున్న తూకం బల్ల మీద పెట్టాడు. "పోయెటప్పుడు తీస్కపోత," అన్నాడు. ఎవరూ అడగలేదు. కవిత అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

గది చిన్నది, కింద చాపలు. ఫోన్లన్నీ కింద గిర్నిలోనే వదిలాం. ఒక వైపు బాలాజీ, తలకు కట్టుతో. పక్కన తల్లి, అన్న. ఎదురుగా ఓంకార్, వాళ్ళమ్మ, నాన్న. దిగంబర్ తెలుగులో మొదలుపెట్టి మరాఠీలోకి వెళ్ళాడు. మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. చెల్లెలి మొగుడు పోయిన రోజు నుంచి చెప్పాడు. బాలాజీకి చిన్నప్పుడు జ్వరం వస్తే ధర్మాబాద్ నుంచి నాందేడ్ దాకా సరుకు లారీలో తెచ్చిన సంగతి చెప్పాడు. గొంతు పెరిగింది. అప్పుడు ఓంకార్ నవ్వాడు. పెద్ద నవ్వు కాదు. పెదవి ఒక పక్కకు లాగినట్టు, భయపడ్డ కుర్రాళ్ళ ముఖంలో వచ్చేదే. కానీ నవ్వు నవ్వే.

గంగాధర్ లేచాడు. రెండు అడుగుల్లో ఎదుటి చాప దగ్గరికి చేరాడు. ఓంకార్ తల్లి కొడుక్కి అడ్డంగా చెయ్యి పెట్టింది. కవిత కదల్లేదు. నేను ఆమెనే చూస్తున్నాను కాబట్టి ఆ మాట ఎవరన్నారో ముందు తెలియలేదు.

"కూసో అల్లుడా," అన్నాడు దిగంబర్. "నాదింక అయిపోలె."

గంగాధర్ నిలబడే ఉన్నాడు.

"చెప్తున్న గద. నేను మాట్లాడంగ మధ్యల లెవ్వొద్దన్నరు. వాళ్ళకొక్కటే కాదు, నీక్కూడ. కూసో."

గంగాధర్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. దిగంబర్ లారీ సంగతి ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇంకో పావుగంట మాట్లాడాడు. ఈసారి గొంతు పెరగలేదు.

తర్వాత ఓంకార్ వంతు. మరాఠీలో, తల ఎత్తకుండా చెప్పాడు. ఫొటోల వరుస పెట్టింది బ్యానర్ షాపువాడు, ఎవరిది ఎక్కడుందో తాను ముందు చూడలేదు. చూసి ఉండాల్సింది. కొట్టింది తానే. రక్తం చూశాక పారిపోయి, రెండు రోజులు మేనత్త ఇంట్లో దాక్కున్నాడు. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తుందని, దాన్ని వెనక్కి తీసుకోమని ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరని కవిత రెండు కుటుంబాలకూ మళ్ళీ చెప్పింది. చివరగా బాలాజీని, నీకేం కావాలని అడిగింది.

"కొట్టిండు, సరె. నేను గుడ చింపిన," అన్నాడు. "గని పారిపోయిండు గద. కుట్లు తీసెటప్పుడు అచ్చి పక్కకు నిలవడుమను. సూడుమను."

ఓంకార్‌కు కవిత మరాఠీలో చెప్పింది. వాడు తలూపాడు. అలా కాదు, నోటితో చెప్పు అంది వాళ్ళమ్మ. వస్తానన్నాడు.

కింద మెట్ల దగ్గర ఉస్తాద్ జేబులోంచి తాళం తీసి గంగాధర్ చేతిలో పెట్టాడు. ట్యాంకు నిండుగుంది, మామను స్టేషన్‌లో దింపిరా అన్నాడు. దానికి ముందు అందరం పక్క సందులోని మెస్‌కు వెళ్ళాం. జొన్న రొట్టె, శనగపిండితో వండే పిఠ్లా, పచ్చి ఉల్లిగడ్డ, ఎనభై రూపాయలకు కడుపునిండా పెడతారు. దిగంబర్ నాలుగో రొట్టె అడిగినప్పుడు వడ్డించే ఆమె, ఏ ఊరి నుంచి నడిచి వచ్చారని మరాఠీలో అడిగింది. రైల్లో వచ్చిన, అందుకే ఇంత ఆకలి అన్నాడు ఆయన. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి. బుధవారం నుంచి సరిగా నిద్ర లేదని, ఈ రాత్రి నిద్రపోతానని కవిత అంది.

నేను ఆ రాత్రి గురుద్వారా దగ్గర లాడ్జిలో ఉండి, సోమవారం పొద్దున ఎర్ర బస్సులో నర్సి, బిలోలి మీదుగా తిరిగొచ్చాను. బిలోలి దాటాక మంజీర వంతెన, అవతల మన తెలంగాణ, బోధన్. రైలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. కానీ బోధన్ టీచర్లు వెళ్తే ఈ దారే దగ్గర.

దారంతా ఆలోచించాను. ఈ పద్ధతి ప్రతిసారీ పనిచేస్తుందని కవిత అనదు, నేనూ అనను. బైఠక్‌కు రానివాళ్ళున్నారు, వచ్చి మధ్యలో లేచిపోయినవాళ్ళున్నారు. ఆదివారం నేను చూసింది మాత్రం ఇది. గదిలో అందరికంటే కోపంగా ఉన్న మనిషికి మాట్లాడే హక్కు ఇచ్చారు. ఆ హక్కును కాపాడుకోవడానికి ఆయన తన మనిషినే కూర్చోబెట్టాడు. విలేకరిగా ఇన్నేళ్ళలో, గొడవ జరిగిన చోటికి వెళ్ళి, రాయాల్సిన కొత్త దెబ్బ ఒక్కటీ లేకుండా తిరిగి రావడం నాకు ఇదే మొదలు. హాయిగా ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. బైఠక్ ఉన్న రోజున వెళ్ళొద్దు. మామూలు రోజున సాయంత్రం నాలుగు తర్వాత, ముందే చెప్పి వెళ్ళండి. అప్పుడు పనిచేసేవాళ్ళకు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

బాలాజీ కుట్లు శుక్రవారం పొద్దున పది గంటలకు, ప్రభుత్వ ఆసుపత్రిలో తీస్తారు. తొమ్మిదిన్నరకల్లా ఓపీ చీటీ రాయించి ఉంచుతానని ఓంకార్ చెప్పాడు.