రెబ్కా రాగం, మహిమ పెరుగన్నం

భుజాన సంచి లేకుండా రెబ్కాను ఎవరూ చూసి ఉండరు. గుంటూరులో ఓ రక్తపరీక్షల ల్యాబులో ఆమె టెక్నీషియన్. సెలవు రోజుల్లో రాక్ గాయకుడు త్రినాథ్ వెనక నిలబడి పాడుతుంది. ఎక్కడికెళ్లినా సంచి అదే: ఐదేళ్ల కూతురు మహిమకి జ్వరం మందు, థర్మామీటరు, పాటల హోరుకి చెవుల్లో పెట్టడానికి దూది, పెరుగన్నం డబ్బా.

“అక్కా, మనం పాడటానికెళ్తున్నామా, ఆస్పత్రి పెట్టటానికా?” అని డ్రమ్ములు వాయించే బుడాన్ ఏడిపిస్తుంటాడు.

త్రినాథ్‌కి పేరు తెచ్చిన ‘ఆఖరి బస్సు’ పాట ఊరూరా మోగుతోంది. దాని చివర్లో, దూరమైపోతున్న బస్సు హారన్‌లా లేచి సాగే రాగం రెబ్కాది. ఓ రిహార్సల్లో, చర్చిలో పాడే అలవాటుకొద్దీ తీసింది. “అదుంచెయ్” అన్నాడు త్రినాథ్. బుడాన్ దానికి దరువు కట్టాడు. వీడియోలో మాత్రం జుట్టు ఎగరేస్తూ త్రినాథ్ ఒక్కడే కనిపిస్తాడు.

రెబ్కా దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు, పోయిన వారం మహిమ బడినుంచి మూతి ముడుచుకుని వచ్చేదాకా.

“అది మా అమ్మ గొంతంటే కోతలు కోస్తున్నావన్నారు.” బడి సంచి కింద పడేసి, “అమ్మా, నిజంగా నువ్వేనా?” అంది.

రెబ్కా ప్రాణం ఉసూరుమంది. అక్కడే పొయ్యి దగ్గర నిలబడి పాడి వినిపించింది.

“ఇది వంటింట్లో కదా” అంది మహిమ.

అందుకే ఆదివారం త్రినాథ్ సొంతూరు ప్రత్తిపాడులో కచేరీకి కూతుర్నీ తీసుకొచ్చింది. తీరా చూస్తే ఆమెకిచ్చిన చోటు పెద్ద స్పీకర్ల వెనక, చీకట్లో. మెట్ల పక్కన, అమ్మ సంచికి కాపలాగా ఉన్న నాన్న ప్రసన్నకుమార్ ఒళ్లో కూర్చున్న మహిమకి అమ్మ జడ కూడా కనిపించదు.

త్రినాథ్ స్టేజీ ఎక్కగానే యలమందయ్య అనే మిరప రైతు మైకందుకున్నాడు. “మావోడి పాటంటే మా మిరపకాయంత ఘాటు!” అంటూ ఎండుమిరపకాయల గజమాల తెచ్చి మెడలో వేశాడు. ఊరంతా ఈలలు. అంత అభిమానాన్ని తీసి పక్కన పెట్టడానికి త్రినాథ్‌కి మనసొప్పలేదు. దండతోనే గంతులేస్తూ రెండు పాటలు పాడాడు. చెమటకి ఒళ్లు తడిసింది, కాయలు చిట్లి గింజలు రాలాయి. ‘ఆఖరి బస్సు’ మొదటి చరణంలో ఉండగా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అంతే, ఓ కేక పెట్టాడు; కారం గొంతులోకీ దిగి దగ్గందుకున్నాడు. ఎవరో నీళ్ల సీసా నోటికందించబోయారు.

“నీళ్లు తాగితే మంట తగ్గదు! ప్రసన్నా, పెరుగన్నం!” రెబ్కా చీకట్లోంచి పరుగెత్తుకొచ్చి దండ లాగి పడేసింది. సీసా అందుకుని అతని కళ్లు కడిగింది. ప్రసన్నకుమార్ విసిరిన డబ్బా పట్టుకుని త్రినాథ్ చేతిలో పెట్టింది.

బుడాన్ దరువు ఆపలేదు. “అక్కా, నువ్వు కానియ్! అన్న తేరుకునేలోపు జనం స్టేజీ ఎక్కేస్తారు!”

వెనక్కి తిరగబోయిన రెబ్కా చెయ్యి త్రినాథ్ పట్టుకున్నాడు. మాట పెగలక తన మైకు ఆమెకిచ్చి, స్టేజీ అంచున చతికిలబడి డబ్బా మూత తీశాడు.

రెబ్కా పాడింది. రెండుచోట్ల మాటలు మర్చిపోతే జనమే అందించారు. రాగం దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకుంది. గొంతు మైదానం దాటి, అవతలి కోల్డ్ స్టోరేజీ గోడకి తగిలి తిరిగొచ్చింది.

“ఓర్నీ, ఇది ఈ పిల్ల గొంతంట్రా!” అన్నాడు యలమందయ్య.

“ఎప్పుడూ ఈమెదే!” ముక్కు చీదుకుంటూ లేచి త్రినాథ్ ఆమె చేతిలోని మైకులో బొంగురుగా అరిచాడు. “మా రెబ్కా! ఆ వాయించేది మా బుడాన్!”

చప్పట్ల మధ్య రెబ్కా మెట్ల వైపు చూసింది. మహిమ నాన్న భుజాలెక్కి నోరు తెరుచుకుని చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో మహిమ తల్లి ఒళ్లో వాలింది. “రేపు బళ్లో అందరికీ చెప్తా.”

“ఏమని?”

“త్రినాథ్ అంకుల్ నా పెరుగన్నం మొత్తం తినేశాడని.”

“మరి పాట సంగతి?” రెబ్కా ఉండబట్టలేక అడిగింది.

మహిమ చెవుల్లోంచి దూది తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. “అదందరూ విన్నారుగా.”