అంజూరపు చెట్టు తరఫున క్లావ్దియా

క్లావ్దియా ఖెగాయ్‌కి బైబిల్లో ఒక్క వాక్యం అర్థం కాకపోతే ఎదురైన ప్రతివాణ్ణీ అడుగుతుంది. వాళ్ళు చెప్పిన జవాబుకు మండిపడుతుంది.

మా ఊరు తొక్‌మోక్ బజారులో ఆమె ఎండుపళ్ళ కొట్టు, నా రొట్టెల కొట్టు పక్కపక్కనే కాబట్టి ఆ సెగ ముందు నాకే తగిలేది. నేను ముస్లింని మొర్రో అన్నా వదిలేది కాదు. నోవహు ఓడలో పేడ ఎవరెత్తారని ఒకసారి అడిగింది. కొడుకులై ఉంటారన్నాను.

"మగాళ్ళా? నువ్వే లోకంలో ఉన్నావే బురుల్?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ చలికాలం ఆమెను అంజూరపు చెట్టు పట్టుకుంది. కాయల కాలం కాదని రాసి ఉండగా, కాయల్లేవని యేసు ఆ చెట్టును శపించడమేమిటి? ముప్పయ్యేళ్ళుగా పళ్ళమ్మే మనిషికి అది సొంత అవమానం. పాస్టరును ప్రార్థన మధ్యలో ఆపి అడిగింది. లైసెన్సు తనిఖీకొచ్చిన అధికారినీ అడిగింది. అతను లైసెన్సు చూడకుండానే జారుకున్నాడు.

చివరికి రోజూ మధ్యాహ్నం కొట్టు నాకప్పగించి వీబె మాస్టారింటికి వెళ్ళసాగింది. ఆయన నలభయ్యేళ్ళు చర్చిలో బైబిలు పాఠాలు చెప్పిన ముసలాయన. మతిమరుపొస్తోందని పెద్దలు ఆ పని మాన్పించారు. అప్పట్నుంచి గడప దాటలేదు. క్లావ్దియా అక్కణ్ణుంచి చిటపటలాడుతూ తిరిగొచ్చేది. నాకూ ఒళ్ళు మండేది. నా రొట్టెలు చల్లారిపోతుంటే ఆమె కిస్మిస్‌లు నేను తూచాలా?

ఒకరోజు క్లావ్దియా అలా తిరిగొచ్చాక చర్చి వంటావిడ కొనడానికొచ్చి, ఆ చెట్టు సంగతేమిటని తనే అడిగింది. క్లావ్దియా తూకం ఆపకుండా చెప్పింది. పైకి నిండా ఆకులు, లోపల ఒక్క కాయ లేని పెద్దమనుషుల మీద కోపమట అది, చెట్టు మీద కాదట. మూడు ముక్కల్లో తేల్చేసింది.

ఆవిడ వెళ్ళగానే నేను అందుకున్నాను. "అర్థం తెలిసే రోజూ ఆ ముసలాయన ప్రాణం తీస్తున్నావా అక్కా? నా ప్రాణం కూడానా?"

క్లావ్దియా త్రాసు కింద పెట్టింది. "నేను మొదట వెళ్ళిన రోజు ఆయన గడ్డం కూడా గీసుకోలేదే. ఇప్పుడు నన్ను ఓడించాలని పొద్దున్నే లేచి, పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చుంటున్నాడు. అడిగేవాళ్ళే లేకపోతే చెప్పేవాడు ఏమైపోతాడు?"

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. మరి రోజూ అంత మండిపడుతూ ఎందుకొస్తావని మాత్రం అడిగాను.

"మండదా? ఇవాళ రెండు గంటలు చెప్పాడు. అంతా తప్పు. పోనీ నిన్నటి తప్పేనా అంటే, అదీ కాదు, కొత్తది."

రుమాలు తలకు బిగించి కట్టుకుంది.

"కొట్టు చూస్తుండు. రేపటిదాకా ఆగడం నా వల్ల కాదు."