కార్డులావిడ సంపాదించిన ముప్ఫై నాలుగు లింకులు

కార్డులావిడ గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. తమ్ముడి కుట్టుమిషన్ల షాపు వెబ్‌సైటును సెర్చ్ ఇంజన్‌లో పైకి తేవడానికి ఆవిడేదో కిటుకు కనిపెట్టిందన్నారు కొందరు. లోపల ఆవిడకు తెలిసినవాళ్లున్నారన్నారు మరికొందరు. వీధి చివరి రంగుల షాపాయన మాత్రం, ఆవిడ వేలకొద్దీ లింకులు చేజేతులా పోగొట్టి తమ్ముణ్ణి ముంచిందని చాలాకాలం చెప్పుకు తిరిగాడు. మొదటి రెండూ పూర్తిగా అబద్ధాలు. మూడోదానిలో లింకులు వదులుకున్న మాట ఒక్కటే నిజం.

ఆవిడ ఇరవయ్యారేళ్లు ఒక గ్రంథాలయంలో సూచీ కార్డులు రాసింది. ఒక పుస్తకం కార్డు మీద 'ఇది కూడా చూడండి' అని మరో పుస్తకం పేరు చేర్చాలంటే, ఆ రెండో పుస్తకాన్ని తెరిచి చూశాకే చేర్చేది. ఈ పట్టుదల వల్ల తోటివాళ్లకు ఆవిడంటే గౌరవమూ విసుగూ సమపాళ్లలో ఉండేవి. పదవీ విరమణ తర్వాత తమ్ముడి షాపులో ఫోన్లు తీయడానికి కూర్చుంది. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో మరమ్మతు బల్ల, ఆ బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఒకే మేస్త్రి.

ఆవిడ చేరిన కొన్నాళ్లకే ఫోన్లు మోగడం తగ్గిపోయింది. ఇతర వెబ్‌సైట్లు మన పేజీని చూపిస్తూ లింకు ఇస్తే, సెర్చ్ ఇంజన్ దాన్ని మన తరఫు సాక్ష్యంగా తీసుకుంటుంది. ఈ సంగతి తెలిసిన ఒక ఏజెంటు తమ్ముడికి అరచేతిలో వైకుంఠం చూపించి నాలుగు వేల లింకులు అంటగట్టాడు. దొంగ సాక్ష్యాలను పసిగట్టిన సెర్చ్ ఇంజన్ షాపును అయిదో పేజీకి తోసేసింది. ఏడాది చివరిదాకా ఇలాగే ఉంటే షాపు మూసేస్తానని తమ్ముడు చెప్పేశాడు. మేస్త్రికి యాభై రెండేళ్లు. వేరే పని తెలియదు.

కార్డులావిడ ఆ నాలుగు వేల జాబితాను ముందు పెట్టుకుని తమ్ముణ్ణి పిలిచింది.

"వీళ్లలో ఒక్కరింట్లోనైనా కుట్టుమిషను ఉందంటావా?"

"లింకు లింకే అక్కా. ఎవడిస్తే ఏంటి?"

"సాక్షి అన్నాక కళ్లతో చూసుండాలి కదరా. ఈయనెవరో జుట్టు మొలిపించే నూనె అమ్ముతాడు. మన షాపులో ఏం చూశాడట?"

"మీ తమ్ముడి బట్టతల చూసుంటాడు వదినా," అంది మరదలు, టీ గ్లాసులు బల్ల మీద పెడుతూ. "నేను ఏణ్ణర్థం నుంచి మొత్తుకుంటున్నా. నా మాట చెవికెక్కదు. మీరు చెప్తే కనీసం విన్నట్టు నటిస్తారు."

మూడు వారాలు కూర్చుని ఆవిడ ఆ సైట్లను ఒక్కొక్కటిగా తెరిచి చూసింది. తీసేయమని అడగగలిగినవాళ్లను అడిగింది. మిగిలినవాటితో మాకు సంబంధం లేదని సెర్చ్ ఇంజన్‌కు జాబితా పంపింది. తర్వాత రెండు నెలలు ఉన్న ఫోన్లు కూడా రాలేదు. రంగుల షాపాయన కథ పుట్టింది అప్పుడే.

నిజమైన లింకు కావాలంటే, లింకు ఇవ్వదగినది ముందు మన దగ్గర ఉండాలి. బాగుచేయమని వచ్చే మిషన్లలో సగానికి ఏ జబ్బూ లేదని ఆవిడ గమనించింది. సూది పైభాగం ఒక పక్క చదునుగా ఉంటుంది. ఆ చదును పక్క ఏ మిషనులో ఎటు తిరిగి ఉండాలో తెలియక జనం తిప్పి పెడుతున్నారు. అలా పెడితే కుట్టు పడదు. పది రకాల మిషన్లకు సూది ఎలా పెట్టాలో బొమ్మలతో ఒక పేజీ తయారుచేసింది. ఏడింటిని స్వయంగా ముందు కూర్చుని చూసింది. మిగతా మూడూ మరమ్మతుకు వచ్చినప్పుడు వెనక గదిలోంచి మేస్త్రి చెబుతుంటే, ఫోను దగ్గర కూర్చునే రాసుకుంది.

ఆ తర్వాత ఉత్తరాలు. కుట్టుపని నేర్పే బడులు, గ్రంథాలయాల చేతిపనుల పేజీలు, పాత మిషన్లు సేకరించేవాళ్ల సంఘాలు. ఎవరికి రాసినా ముందు వాళ్ల పేజీ మొత్తం చదివేది. అందులో పనిచేయని లింకు ఉంటే చెప్పేది. మా పేజీ మీ పాఠకులకు పనికొస్తుందనిపిస్తేనే చేర్చండి అని ముగించేది. ఎనిమిది నెలల్లో రెండు వందల పన్నెండు ఉత్తరాలు రాస్తే ముప్ఫై నాలుగు లింకులొచ్చాయి. షాపు మొదటి పేజీలో మూడో స్థానానికి చేరింది. మేస్త్రి బల్ల మీద మళ్లీ మిషన్లు వరస కట్టాయి.

అప్పుడొచ్చింది ఒక కుట్టుపని టీచరు ఉత్తరం. "మీరు చెప్పినట్టే సూదులు పెట్టాం. ఇరవై మంది పిల్లలు రెండు రోజులు కుస్తీ పట్టారు. ఒక్క కుట్టూ పడలేదు. పొరపాటు మాదా, మీదా?"

ఆవిడ వెనక గదిలోకి వెళ్లింది. అదే రకం మిషను బల్ల మీదే ఉంది.

"దీనికి చదును పక్క ఎటు?"

"కుడివైపే కదా అక్కగారూ," అని మేస్త్రి చెయ్యి చాపి చూపించాడు.

ఆవిడ నిలబడ్డ చోటి నుంచి అది ఎడమవైపు. మేస్త్రి పంతొమ్మిదేళ్లుగా మిషనును వెనక నుంచి విప్పుతాడు. కుట్టేవాళ్లు ముందు కూర్చుంటారు. ఆయన కుడి వాళ్లకు ఎడమ. చెప్పి రాయించిన మూడు మిషన్లూ తారుమారయ్యాయి.

తమ్ముడు తేలిగ్గా తీసుకున్నాడు. "పేజీలో దిద్దేసి ఊరుకో. ఎవరు చూడొచ్చారు?"

"మన పేజీని అచ్చుతీసి బళ్లో గోడకంటించుకున్న కాగితాన్ని నువ్వెళ్లి దిద్దొస్తావా?"

"అందరికీ చాటింపు వేస్తే ఉన్న లింకులు పీకేస్తారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే అక్కా. పోయేది నీ తల కాదు, ఈయన తల," అని మేస్త్రిని చూపించాడు.

రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడో రోజు మేస్త్రే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదని రాసెయ్యండి అక్కగారూ."

"నువ్వు నీ చోటి నుంచి సరిగ్గానే చెప్పావు. లేచొచ్చి చూడకుండా రాసింది నేను. అదే రాస్తాను. మరి నీ పని పోతే?"

"తిప్పి పెట్టిన సూదులతో వచ్చే పని నాకెందుకండీ."

ముప్ఫై నాలుగు ఉత్తరాలు వెళ్లాయి. ఏ మూడు మిషన్లో, తప్పు ఎలా జరిగిందో, ఏం మార్చుకోవాలో మూడేసి వాక్యాల్లో. తొమ్మిది మంది లింకు తీసేశారు. వాళ్లలో మొదటిది ఆ టీచరే. ఆమెను తప్పుపట్టలేం. ఇరవై అయిదు నిలిచాయి. షాపు మూడో స్థానం నుంచి ఏడుకు జారి, అక్కడే కుదురుకుంది. ఏడాది చివర తమ్ముడు షాపు మూయలేదు. మేస్త్రి పనిలోనే ఉన్నాడు.

తప్పు ఒప్పుకోవడం వల్లే షాపు నిలిచిందనడానికి ఆధారం లేదు. ఒప్పుకోకపోయి ఉంటే మూడో స్థానం దక్కి ఉండేదేమో కూడా. ఆవిడ ఏ కిటుకూ చేయలేదు. నాలుగు వేల దొంగ సాక్ష్యాలను వదులుకుంది, చదివిన పేజీలకే ఉత్తరాలు రాసింది, ఒకసారి చూడకుండా రాసి పిల్లల చేత రెండు రోజులు వృథా చేయించింది, ఆ సంగతి నమ్మిన ప్రతి ఒక్కరికీ తనే చెప్పింది.