మా అత్తమ్మ అభ్యంతరం

మెదక్‌లో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల. భుజాన బెడ్డింగు, చేతిలో ఇనప ట్రంకు పెట్టె, ఒంటి మీద పంజాబ్ చలికి మిలిటరీ ఇచ్చిన ఉన్ని కోటు. పెట్టెలో పట్టక వేసుకున్నాను. రిక్షావాడు నన్ను ఎగాదిగా చూసి, "జరమొచ్చిందా సార్? దవాఖానకు తీస్కపోవాల్నా?" అన్నాడు. వద్దని చెప్పి చర్చి శిఖరం గురి చూసుకుంటూ నడిచాను. దాని వెనక సందులో నా చివరి పోస్టింగు. పై అధికారి మా అత్తమ్మ.

అందరూ పతకం గురించి అడుగుతారు. అది యుద్ధంలో, సరిహద్దు పక్కన ఒక చెరుకుతోటలో వచ్చింది. మా వైర్‌లెస్ ఆపరేటర్ కాలికి తూటా తగిలితే వీపున వేసుకుని బంకరుకు తెచ్చాను. వాడిది మెదక్ పక్క నర్సాపూర్. దారి పొడుగునా సెట్టులో హిందీ, నా చెవిలో తెలుగు. "ఎదురుంగ కదలిక కనవడ్తుంది, ఓవర్" అనేవాడు, నాకు కళ్ళు లేనట్టు. అంతే పతకం కథ. వాడి బరువు మాత్రం నా నడుముకు ఇంకా గుర్తుంది.

నా భార్య సుశీల, అత్తమ్మకు ఒక్కతే కూతురు. పెళ్ళయిన రెండో ఏడే కామెర్లతో పోయింది. అప్పుడు నేను సరిహద్దులో ఉన్నాను. సెలవు దొరికి వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. ఆ పూట అత్తమ్మ నా ముందు కంచం పెట్టి, "నౌకరీ అయినంక ఎటు పోతవ్ అల్లుడా? ఈడికే రా" అంది. నాకు తల్లీ తండ్రీ లేరు. ఆమెకు ఇక నేను తప్ప ఎవరూ లేరు. అందుకే వచ్చాను.

ఆజ్ఞలు మొదటి సాయంత్రమే అందాయి. బూట్లు గడప బయట. తెల్లారగానే బావి నుంచి రెండు బిందెలు. కూరలో ఉప్పు గురించి మాట్లాడరాదు. బడిలో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం కూడా ఆమే అడిగి ఇప్పించింది. "పతకం సంగతి నేనే జెప్పిన. నువ్వు జెప్పుకోవు గద" అంది. ఆ పతకాన్ని సుశీల ఫోటో పక్కన మేకుకు తగిలించింది. శనివారం ఇత్తడి చెంబుతో పాటు దాన్నీ చింతపండుతో తోమేది.

ఆ బడిలోనే కరుణ చిన్నపిల్లల టీచరు. తల్లిదండ్రులు లేక మిషను బోర్డింగులో పెరిగింది. నేను మైదానంలో "సావధాన్" అని అరిచినప్పుడల్లా ఆమె క్లాసు పిల్లలు లేచి నిలబడేవారట. ఒకరోజు గొడవకు వచ్చింది. "జర మెల్లగ అరుస్తరా సార్? మా పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నరు." మర్నాటి నుంచి మెల్లగానే అరిచాను. అయినా ఆమె కిటికీ దగ్గరికి వస్తూనే ఉంది. ఆ ఏడాది నా గొంతు కంటే నా మీసం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాను.

కరుణతో పెళ్ళి మాట అత్తమ్మకు నేనే చెప్పాను. ఆమె పొయ్యి మీది పప్పుగిన్నె దించి, "ఊఁ" అంది. ఆ తర్వాత ఇంట్లో ఆజ్ఞలే లేవు. బూట్లతో లోపలికి వచ్చినా చూసి ఊరుకుంది. కొత్త భార్య వస్తే ఈమె నాకేమవుతుంది? ఆ మాట ఆమె పైకి అనలేదు కానీ అన్నం వడ్డించే చేతిలో తెలుస్తూనే ఉంది. ఆమె ఒప్పుకోకపోతే చేసుకోనని కరుణకు చెప్పేశాను. "ఆమె వద్దంటే నేను గూడ వద్దంట. ఒకల్ని ఏడిపించి చేసుకునే పెండ్లి నాకెందుకు?" అంది కరుణ. అప్పుడు ఆమె మీద ఇష్టం ఇంకా పెరిగింది.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు అయ్యగారు ఆ ఇద్దరి పేర్లూ చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. ఆ మూడు వారాల్లో అత్తమ్మ ఏదో ఒకటి తేలుస్తుందని మా పేర్లు ఇచ్చాం. మొదటి వారం అత్తమ్మ తల ఎత్తలేదు. రెండో వారం చర్చికే రాలేదు. మూడో వారం వానలో గొడుగు లేకుండా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. నా పక్కన తోడుపెళ్ళికొడుకుగా వచ్చిన మా ఆపరేటర్.

అయ్యగారు పేర్లు చదివారు. "ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను."

"ఎదురుంగ కదలిక కనవడ్తుంది, ఓవర్" అని ఆపరేటర్ గొణిగాడు.

అత్తమ్మ లేచింది. నేనూ తెలియకుండానే లేచి సావధాన్‌లో నిలబడ్డాను.

"నాకున్నది అయ్యగారూ" అంది. "పిల్లకు తల్లి లేదు. బోర్డింగు గేటుకాడికెల్లి సాగదోలుతరా పెండ్లిపిల్లను? తల్లిని నేనైత. పిల్ల నా ఇంట్లకెల్లే బయలెల్లాలె. గప్పుడు గీయన మళ్ల నాకు అల్లుడే. గిట్లయితెనే పెండ్లి."

అయ్యగారు కళ్ళద్దాలు తీసి, "అమ్మా, దీన్ని అభ్యంతరమని రాసుకోవాల్నా?" అని అడిగారు.

"రాసుకోండ్రి. రెండు వారాలు నిద్ర లేకుండ సోంచాయించిన."

చర్చంతా నవ్వింది. కరుణ లేచి వెళ్ళి ఆమె భుజానికి ఆనుకుని కూర్చుంది. నేను ఏడ్చాను. ఆపరేటర్ తన రుమాలిచ్చాడు.

పెళ్ళికి ముందు రోజు నన్ను ఇంట్లోంచి పంపేసింది. "పిల్ల ఉన్న ఇంట్ల అల్లుడుంటడా?" అంది. నేనూ ఆపరేటరూ బడి వరండాలో పక్కలు పరుచుకున్నాం. మర్నాడు ఆమె కరుణను ఎడ్లబండి ఎక్కించి, వాడకట్టంతా వినేలా ఏడ్చిందట. నాలుగు అడుగులు వేసి సందు దాటితే చర్చి. అయినా ఏడ్చిందట.

పెళ్ళయింది. బ్యాండుతో బజారంతా తిరిగి, అదే బండిలో అదే ఇంటికి వచ్చాం. ఇంకెక్కడికి పోతాం?

బతుకులో ఎన్నో చూశాను. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ గుమ్మమే. కూతుర్ని సాగనంపిన తల్లి, అడ్డదారిన మాకంటే ముందు ఉరికొచ్చి, కొత్త జంటకు కాళ్ళు కడగడానికి చెంబు పట్టుకుని నిలబడింది. చీర అంచుకు బురద. చెంపల మీద పొద్దుటి ఏడుపు ఇంకా ఆరలేదు, నోటినిండా నవ్వు.

"రా బిడ్డా" అంది కరుణతో. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది.

"అల్లుడా, బూట్లు బయట."