నరసమ్మ నిద్ర కోసం సర్దిన గది

మా ఆవిడ నరసమ్మ ఒక జాకెట్టుకి రెండు వైపులా హుక్కులే కుట్టేసిన రోజు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ముంచింగిపుట్టులో నాది టైలరు పని. కత్తిరింపు, మిషను నావి. హుక్కులు, కాజాలు ఆవిడవి. పదేళ్లలో ఆవిడ కుట్టిన కాజా ఒక్కటీ వంకర పోలేదు. "ఇదేటే, తొడుక్కుని తాడుతో కట్టుకోవాలా?" అని వేళాకోళం చేశాను. నవ్వుతుందనుకుంటే ఏడ్చింది.

"మూడు రేత్రులై కంటి మీద కునుకు లేదు. ఏటి సెయ్యమంటావు?" అంది.

తొంభైల చివరి మాట ఇది. నిద్ర పట్టకపోవడం కూడా ఒక జబ్బేనా అనుకున్నాను. గసగసాల పాలు తాగించాను, మాడుకి ఆముదం పెట్టాను. నెల తిరిగేసరికి కళ్ల కింద నలుపు, పొయ్యి మీద పెట్టిన అన్నం మరిచిపోవడం, ఊరికే ఏడుపు. విశాఖపట్నం తీసుకెళ్లాను. థైరాయిడ్, షుగర్, ఈసీజీ అన్నీ చూశారు.

"రిపోర్ట్స్ అన్నీ నార్మల్. ఇది ఇన్‌సోమ్నియా," అన్నారు డాక్టరు గారు. పది రోజులకి మాత్రలు రాసి, మీ బెడ్‌రూమ్ ఎలా ఉంటుందని అడిగారు.

వంటిల్లు కాక మాకున్నది ఒక్కటే గది. అందులోనే మిషను, ఇస్త్రీ పెట్టె, ట్యూబ్‌లైటు, గుడ్డల మూటలు, వాటి మధ్య మంచం. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అది బెడ్‌రూమ్ కాదయ్యా, వర్క్‌షాప్. పనంతా బయటికి తీసెయ్. వెలుతురూ చప్పుడూ లేకుండా చూడు. గదిలో అడుగు పెడితే పడుకోవాలనిపించాలి."

నాకు చేతనైన పని చెప్పారని సంబరపడ్డాను. మిషను వసారాలోకి చేరింది. గోడలకి నేనే లేత ఆకుపచ్చ డిస్టెంపరు వేశాను. ముదురు నీలం గుడ్డకి లోపల లైనింగు వేసి, నేలదాకా జారేలా కర్టెన్లు కుట్టాను. కొత్త బూరుగుదూది దిండ్లు, జీరో బల్బు. టిక్కుటిక్కుమనే గడియారాన్ని వంటింట్లోకి తరిమాను. చూడ్డానికి వచ్చినవాళ్లు పెళ్లివారి విడిదిలా ఉందన్నారు.

వారం రోజులు నాలుగేసి గంటలు పడుకుంది. మాత్రలు అయిపోయాక మళ్లీ మొదటికొచ్చింది. నిద్ర సుఖమెరగదంటారు. మా ఇంట్లో సుఖమంతా అమర్చి కూర్చున్నా నిద్ర గడప తొక్కలేదు. పక్కన పడుకుని ఆవిడ ఊపిరి వినడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

అప్పుడే వానల ముందు గోడలకి దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారు. ఆ మందు కొడితే గోడల నిండా తెల్లటి చారలు పడతాయి. పడకగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"రంగేసి నెల కూడా అవలేదు. వంటింట్లో కొట్టుకోండి," అన్నాను.

"పడుకునే గదికే కదేటి మాస్టారూ ముందు కొట్టాలి!" అన్నాడు పంపు పట్టుకున్నతను. నేను వినలేదు. అతను తలుపు మీద ఏదో రాసి వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకి నరసమ్మకి చలిజ్వరం వచ్చింది. రెండు రోజులు జ్వరం మాత్రలు వేశాను. మూడో రోజు సంత. నేను లేచేసరికి ఆవిడ ఒళ్లెరగకుండా పడుకుని ఉంది. ఎన్ని నెలలకు! కర్టెన్లు దగ్గరికి లాగాను. బేరాలకొచ్చినవాళ్లని మెల్లగా మాట్లాడమన్నాను. సంత రోజున, చేతినిండా పని పెట్టుకుని, మిషను ఆపేసి కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను.

మధ్యాహ్నం జాకెట్టు కోసం కొండ మీది ఊరి నుంచి సుక్రి వచ్చింది. అక్క ఏదని అడిగి, నేను వద్దంటున్నా లోపలికి వెళ్లింది. వెంటనే బయటికి వచ్చింది.

"టైలరు బాబూ, అక్క పిలిత్తే పలకదు. ఇది నిద్దర కాదు. బేగి తీసుకెల్లు."

జీపులో ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తం చూసి ఫాల్సిపారం అన్నారు, మలేరియాల్లో ప్రాణం తీసే రకమట. ఎప్పటి నుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే, "పొద్దుటి నుంచీ నిద్రపోతోందండి," అన్నాను.

"నిద్ర ఏమిటయ్యా! కోమాలోకి వెళుతోంది. సెరిబ్రల్ మలేరియా, మెదడుకెక్కింది."

క్వినైన్, గ్లూకోజు సెలైన్లు పెట్టి పెద్దాసుపత్రికి పంపారు. ఏ నిద్ర కోసం ఇల్లంతా మార్చానో ఆ నిద్రలోంచి లేవమని మూడు రోజులు ఆవిడ కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. "వెయిట్ చెయ్యాలి," అనే మాట తప్ప ఎవరూ ఇంకో మాట చెప్పలేదు. నాలుగో రోజు కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఇది జరిగి ఏడేళ్లయింది. నరసమ్మ బతికింది. కుడిచెయ్యి వణుకుతుంది, సూదిలోకి దారం ఎక్కించలేదు. కాజాలు నేనే కుట్టుకుంటున్నాను, అవి వంకరపోతున్నాయి. నిద్ర ఇప్పటికీ అంతంత మాత్రమే. పడకగదికి ఏటా ముందుగా మందు కొట్టిస్తాను.

ఆవిడకి గాఢంగా నిద్ర పట్టినప్పుడు మాత్రం నా ప్రాణం ఊరుకోదు, లేపేస్తాను. తప్పని తెలుసు, మానలేకపోతున్నాను.

మలేరియా ఊళ్లలో ఉండేవాళ్లకి నా మాట ఒక్కటే. జ్వరం వచ్చిన మనిషికి వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఆ మనిషి హాయిగా నిద్రపోతున్నట్టు కనిపిస్తే తలుపు వేసి రాకండి. లేపి, పేరు అడగండి. మా ఆవిడైతే, "సచ్చిపోనేదులే, నన్ను పడుకోనీ!" అని తిడుతుంది. తిట్టిందంటే బాగుందన్నమాట. మాట రాకపోతే ఇంక ఆలోచించకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.